పందెం గెలిచి... ఇంటికెళ్లాలి!

ఏటా ఆగస్టు మూడో శనివారం వస్తే చాలు... అమెరికాలోని డెట్రాయిట్ శివార్లలో వుడ్‌వర్డ్ అవెన్యూ పక్కన మడత కుర్చీలు వెలుస్తాయి. తేరు లాగే రోజున మన ఊళ్లో వీధి అరుగుల మీద పొద్దున్నే జాగా పట్టుకుంటారే, అచ్చం అలాగే! తాతలు, మనవలు, చల్లని పానీయాలు నింపిన డబ్బాలు, గొడుగులు. వాళ్లంతా ఎదురుచూసేది దేవుడి రథం కోసం కాదు... కార్ల కోసం. యాభైల నాటి షెవర్లేలు, అరవైల నాటి పాంటియాక్‌లు, డెబ్భైల నాటి డాడ్జ్‌లు వరసకట్టి వస్తాయి.

చూసేవారికి రంగులూ మెరుపులూ కనిపిస్తాయి. చెవి పెట్టి వినేవారికి ఇంకో తేడా తెలుస్తుంది. పచ్చ లైటు పడగానే ఒక కారు చప్పుడు లేకుండా కదిలిపోతుంది. దాని పక్కనున్నది ముందు గట్టిగా గర్జించి, ఆ తర్వాత కదులుతుంది. ఇంజిన్ పరుగెత్తుతుంటుంది, కారు మాత్రం దాని వెనక తీరిగ్గా నడుస్తుంటుంది! ఏదో లోపం అనుకుంటే పొరపాటే. డబ్బులు పోసి, కోరి పెట్టించుకున్న గుణం అది. ఆ గుణమంతా ఇంజిన్‌కీ గేరుపెట్టెకీ మధ్య దాగిన ఒక ఉక్కు డబ్బాలో ఉంటుంది. పేరు టార్క్ కన్వర్టర్. దాని ఆకారం చూసి అక్కడివాళ్లు డోనట్ అంటారు. మనమైతే గారె అనేవాళ్లమేమో!

వారమంతా రోడ్డు మీద తిరగాలి, సెలవు రోజున ట్రాక్ మీద పందెంలో దూకాలి. రెండు పనులూ ఒకే కారుతో చేయాలనుకునేవారికి ఈ గారెను ఎంచుకోవడమే పెద్ద పరీక్ష. ఆ పరీక్ష ఎందుకంత కష్టమో తెలియాలంటే వుడ్‌వర్డ్ కన్నా మంచి చోటు లేదు. ఎందుకంటే ఈ దారి రోడ్డూ అయింది, ట్రాకూ అయింది.

మైళ్ల లెక్కన మజిలీలు

డెట్రాయిట్ నది ఒడ్డు దగ్గర మొదలై వాయవ్యంగా పాంటియాక్ పట్టణం దాకా సాగుతుంది వుడ్‌వర్డ్. ప్రభుత్వ లెక్కల్లో దీని పేరు ఎం-1. పొడవు సుమారు 35 కిలోమీటర్లు. 1805లో అగ్నిప్రమాదంలో ఊరంతా కాలిపోయాక కొత్త నగరానికి పటం గీసిన న్యాయమూర్తి ఆగస్టస్ వుడ్‌వర్డ్ పేరే ఈ దారికి మిగిలింది.

ఇక్కడ అడ్డరోడ్లకు పేర్లకన్నా అంకెలే ఎక్కువ వినిపిస్తాయి. సిక్స్ మైల్, సెవెన్ మైల్, ఎయిట్ మైల్... ఇలా. ఎయిట్ మైల్ రోడ్డు దాటితే డెట్రాయిట్ నగరం అయిపోయినట్టే. తర్వాత ఫెర్న్‌డేల్, రాయల్ ఓక్, బర్మింగ్‌హామ్ పట్టణాలు వరసగా వస్తాయి. సిక్స్ మైల్, సెవెన్ మైల్ రోడ్ల మధ్య 1909లో కాంక్రీటు పరిచారు. అమెరికాలో ఊరి బయటి రహదారికి ఒక మైలు పొడవునా కాంక్రీటు వేయడం అదే మొదలని చెబుతారు. ఎర్ర, పసుపు, ఆకుపచ్చ రంగులతో నాలుగు దిక్కులా కనిపించే ట్రాఫిక్ లైటును డెట్రాయిట్ పోలీసు అధికారి విలియం పాట్స్ 1920లో నిలబెట్టిందీ ఈ వుడ్‌వర్డ్ మీది ఒక కూడలిలోనే.

దారిలోనే వచ్చే హైలాండ్ పార్క్‌లో ఫోర్డ్ పాత ఫ్యాక్టరీ ఉంది. 1913లో మోడల్-టి కార్ల కోసం కదిలే అసెంబ్లీ లైను నడిచింది అక్కడే. ఆ మరుసటి ఏడాది రోజుకు అయిదు డాలర్ల జీతం ప్రకటించి ఫోర్డ్ లోకాన్ని ఆశ్చర్యపరిచిందీ ఇక్కడి కార్మికుల విషయంలోనే. అంటే కారును సామాన్యుడి ఇంటికి చేర్చిన దారి ఇది. అదే సామాన్యుడి కొడుకులు ఆ తర్వాత ఏం చేశారంటే...

ఎర్రలైటు దగ్గర పందెం

1960లలో ఈ వీధి సాయంత్రాల కథే వేరు. రోడ్డుకు చెరోవైపు విశాలమైన వరసలు, మధ్యలో పచ్చిక. కారులో కూర్చునే తినే హోటళ్లు. అక్కడ చేరిన కుర్రాళ్లు రోడ్డెక్కి ఎర్రలైటు దగ్గర పక్కపక్కనే ఆగేవారు. చూపులు కలిసేవి. పచ్చ లైటు పడితే... అంతే! తర్వాతి లైటు దాకా ఎవరు ముందు వెళితే వాళ్లదే గెలుపు. ఇది చట్టవిరుద్ధం, ప్రమాదకరం కూడా. అయినా ఆగలేదు. ఆ గుంపులో కుర్రాళ్లే కాదు, కార్ల కంపెనీల ఇంజినీర్లూ ఉండేవారన్నది వుడ్‌వర్డ్ చరిత్రలో అందరూ చెప్పుకునే సంగతి.

అప్పట్లో పందెగాళ్లకు ఆటోమేటిక్ గేర్లంటే చిన్నచూపు. ముసలివాళ్ల బండి అనేవారు. ఆ మాటను అబద్ధం చేసినవాళ్లలో ముఖ్యులు క్రైస్లర్ యువ ఇంజినీర్ల జట్టు రామ్‌చార్జర్స్. టార్క్‌ఫ్లైట్ అనే ఆటోమేటిక్ గేరుపెట్టె ఉన్న డాడ్జ్ కార్లతో డ్రాగ్ ట్రాకుల మీద గెలిచి చూపించారు. వుడ్‌వర్డ్ మీద జిమ్మీ అడిసన్ నడిపిన 1967 ప్లిమత్ జీటీఎక్స్‌ది మరో కథ. పెట్రోలు బంకు నడిపే అడిసన్‌కు క్రైస్లర్ ఇంజినీర్ల సాయం ఉండేది. 'సిల్వర్ బుల్లెట్' అని పేరుపడిన ఆ కారులో ఉన్నదీ టార్క్‌ఫ్లైటే. పావు మైలు, అంటే 402 మీటర్ల దూరాన్ని పది సెకన్ల పైచిలుకులో దాటేసేదట! ఇంతకీ ఆటోమేటిక్ కారుకు అంత దూకుడు ఎక్కడినుంచి వచ్చింది?

రెండు ఫ్యాన్ల కథ

రెండు టేబుల్ ఫ్యాన్లను ఎదురెదురుగా పెట్టండి. ఒకదానికే స్విచ్ వేయండి. ఆ గాలికి రెండోది కూడా మెల్లగా తిరగడం మొదలుపెడుతుంది. టార్క్ కన్వర్టర్‌లో జరిగేది ఇదే... గాలి బదులు నూనె. ఇంజిన్ తిప్పే ఫ్యాను ఇంపెల్లర్. గేరుపెట్టెను తిప్పే ఫ్యాను టర్బైన్. రెండింటినీ కలిపే ఇనుప బంధం ఏదీ ఉండదు కాబట్టి, ఎర్రలైటు దగ్గర కారు ఆగినా ఇంజిన్ ఆగదు.

ఈ రెండింటి నడుమ మూడో చక్రం ఉంటుంది. అది స్టేటర్. టర్బైన్‌ను కొట్టి వెనక్కి వచ్చే నూనెను దారి మళ్లించి, ఇంపెల్లర్‌కు అడ్డుపడకుండా సాయపడేలా చేస్తుంది. దాంతో బయల్దేరే క్షణాన ఇంజిన్ బలం సుమారు రెట్టింపై చక్రాలకు చేరుతుంది. కారు వేగం అందుకునే కొద్దీ ఆ లాభం తగ్గి, చివరికి రెండు ఫ్యాన్లూ దాదాపు కలిసి తిరుగుతాయి.

ఈ ఊహ పుట్టింది కారు కోసం కాదు, ఓడ కోసం! ఓడల్లో ఆవిరి టర్బైన్లు మరీ వేగంగా తిరుగుతాయి, ప్రొపెల్లర్ నెమ్మదిగా తిరగాలి. ఆ రెంటికీ పొత్తు కుదర్చడానికి జర్మన్ ఇంజినీరు హెర్మన్ ఫాటింగర్ 1905లో దీనికి పేటెంటు తీసుకున్నారు. డెట్రాయిట్ వాళ్లు దాన్ని కార్లకు ఎక్కించారు. 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్‌తో వచ్చిన హైడ్రా-మాటిక్‌లో స్టేటర్ లేదు, నూనె జోడింపు మాత్రమే. బలాన్ని పెంచే అసలైన టార్క్ కన్వర్టర్ 1948లో బ్యూక్ డైనాఫ్లో రూపంలో అమెరికన్ల ఇంటి కార్లలోకి వచ్చింది.

అసలు మెలిక 'స్టాల్'

కన్వర్టర్ కొనడానికి వెళితే మొదట వినిపించే మాట 'స్టాల్ ఎంత?' అని. టర్బైన్‌ను కదలనివ్వకుండా పట్టి ఉంచి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే, ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్ల దాకా వెళ్లగలదో అదే స్టాల్ వేగం. మామూలు ఇంటి కార్లలో పాతకాలం కన్వర్టర్లు 1,600 నుంచి 2,000 దగ్గర ఉండేవి. రోడ్డుకూ ట్రాకుకూ కలిపి వాడేవాళ్లు సాధారణంగా 2,800 నుంచి 3,500 మధ్య చూస్తారు. ట్రాకుకే అంకితమైన కార్లలో 4,500 దాటిపోతుంది.

ఎక్కువ స్టాల్ ఎందుకు? పందెం కోసం ఇంజిన్‌లో పెద్ద క్యామ్‌షాఫ్ట్ వేస్తారు. వాల్వులు ఎక్కువసేపు తెరుచుకుంటాయి. దాంతో పై వేగాల్లో ఉరుకు వస్తుంది కానీ అడుగు వేగాల్లో నీరసం. అలాంటి ఇంజిన్ ముందు మామూలు కన్వర్టర్ పెడితే, నిద్ర కళ్లతో ఉన్నవాణ్ని పరుగుపందేనికి తోసినట్టే. వదులు కన్వర్టర్ ఉంటే ఇంజిన్ ముందు బలం పుంజుకునే వేగానికి ఎగబాకి, తర్వాత కారును విసురుతుంది. డ్రాగ్ ట్రాకు మీద తొలి 60 అడుగులు చాలా ముఖ్యం. అక్కడ సెకనులో పదోవంతు మిగిలితే చివరి గీత దగ్గర అంతకన్నా ఎక్కువే మిగులుతుందని పందెగాళ్ల లెక్క.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. డబ్బా మీద 3,000 అని రాసి ఉంటే అది ఎవరి కారులోనైనా 3,000 ఇస్తుందని అనుకుంటారు. ఇవ్వదు! స్టాల్ అనేది కన్వర్టర్ ఒక్కదాని గుణం కాదు, దాని వెనక ఎంత బలమున్న ఇంజిన్ ఉందన్నదాన్ని బట్టి మారుతుంది. ఇంజిన్ టార్క్ రెట్టింపైతే అదే కన్వర్టర్ స్టాల్ సుమారు 1.4 రెట్లకు పెరుగుతుంది. ఒక కారులో 2,500 ఇచ్చింది, రెట్టింపు బలమున్న కారులో 3,500 దాకా వెళుతుందన్నమాట. పక్కింటాయన చెప్పుల సైజు చూసి మనం చెప్పులు కొనుక్కోలేం కదా!

సైజు మాటకొస్తే, వ్యాసం తగ్గితే స్టాల్ పెరుగుతుంది. అదీ మామూలుగా కాదు. మిగతావన్నీ సమానంగా ఉంటే, 12 అంగుళాల కన్వర్టర్ మోసే బలంలో 10 అంగుళాలది మోసేది 40 శాతమే. అందుకే పందెం కార్లలో కన్వర్టర్లు చిన్నవిగా ఉంటాయి.

ఇంటిదారి లెక్క

ఇప్పుడు అసలు సంగతి. వుడ్‌వర్డ్‌కు సమాంతరంగా ఇంటర్‌స్టేట్-75 రహదారి పోతుంది. అక్కడ వేగం గంటకు 70 మైళ్లు, అంటే 113 కిలోమీటర్లు. వెనక ఇరుసు నిష్పత్తి 3.73, టైరు ఎత్తు 26 అంగుళాలు, పాతకాలం మూడు గేర్ల ఆటోమేటిక్ ఉన్న కారు ఆ వేగంతో పోతుంటే ఇంజిన్ నిమిషానికి దాదాపు 3,370 చుట్లు తిరుగుతుంది. అదే కారుకు 0.70 ఓవర్‌డ్రైవ్ గేరు ఉంటే 2,360 చాలు.

ఓవర్‌డ్రైవ్ ఉంటే అంతా సుఖమే అనిపిస్తుంది. అక్కడే ఉంది చిక్కు. ఇంజిన్ 2,360 దగ్గర నడుస్తుంటే, కన్వర్టర్ స్టాల్ 3,500 అయితే, ఫ్యాన్లు రెండూ గట్టిగా పట్టుకోవు. సమతలం మీద యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఉంటే జారుడు కొంతే. ఎత్తు ఎక్కాలన్నా, ఇంకో కారును దాటాలన్నా ఇంజిన్ పైకి లేస్తుంది, కారు లేవదు. ఆ జారుడంతా ఎక్కడికి పోతుంది? వేడిగా మారి నూనెలోకి! గేరుపెట్టె నూనె 80, 90 డిగ్రీల సెల్సియస్ దగ్గర హాయిగా ఉంటుంది. ఆపైన ప్రతి 11 డిగ్రీలకూ నూనె ఆయువు సగమవుతుందని మెకానిక్కుల మోటు లెక్క. నూనె మాడితే సీళ్లు గట్టిపడతాయి, క్లచ్ ప్లేట్లు జారతాయి. ట్రాకు మీద సెకనులో మూడు పదోవంతులు మిగిల్చిన కన్వర్టర్ వేసవి ముగిసేలోగా గేరుపెట్టెనే మింగేయగలదు. పెట్రోలు ఖర్చు సరేసరి.

దీనికి మందు లేకపోలేదు. ఓ వేగం దాటాక రెండు ఫ్యాన్లనూ లోపలి క్లచ్‌తో బిగించి కలిపేసే లాకప్ కన్వర్టర్లు ఉన్నాయి. 1949లోనే ప్యాకార్డ్ కంపెనీ అల్ట్రామాటిక్‌లో ఈ ఏర్పాటు చేసింది. క్రైస్లర్ 1978 మోడళ్లలో టార్క్‌ఫ్లైట్‌కు జోడించింది. లాకప్ ఉంటే ఎక్కువ స్టాల్ పెట్టుకుని కూడా హైవే మీద చల్లగా వెళ్లొచ్చు. కానీ ఆ చిన్న క్లచ్ ఎంత బలాన్ని ఆపగలదో ముందే అడిగి తెలుసుకోవాలి. ఇంజిన్ పూర్తి బలం మీద ఉన్నప్పుడు లాక్ చేస్తే మామూలు క్లచ్ నిలవదు.

అలాగని తక్కువ స్టాలే మేలని తేల్చేయడానికీ లేదు. పెద్ద క్యామ్ వేసిన కారుకు బిగువు కన్వర్టర్ ఉంటే ఎర్రలైటు దగ్గర నరకమే. బ్రేకు తొక్కినా కారు ముందుకు తోస్తుంటుంది, ఇంజిన్ ఆగిపోతానంటూ వణుకుతుంది. పండుగ రోజు వుడ్‌వర్డ్ మీద నత్తనడకన వెళ్లేటప్పుడు ఆ బాధ ఇంకా తెలుస్తుంది. కాస్త వదులున్న కన్వర్టర్ అక్కడ ప్రశాంతంగా నిలబడుతుంది. అంటే లైటు దగ్గర సుఖాన్నిచ్చే గుణమే హైవే మీద కష్టమవుతుంది.

కొనేముందు మనసుకో ప్రశ్న

పేరున్న తయారీదారులు డబ్బు తీసుకునే ముందు ఓ పెద్ద చిట్టా అడుగుతారు. కారు బరువెంత? ఇంజిన్ సైజెంత, క్యామ్ ఏది? టర్బో ఉందా? గేరుపెట్టె ఏది, ఇరుసు నిష్పత్తి ఎంత, టైరు ఎత్తెంత? ఇవన్నీ కొలతలు. కొలిచి చెప్పొచ్చు. చివర్లో ఒక ప్రశ్న ఉంటుంది... 'కారును దేనికి వాడతారు?' తప్పు జవాబు వచ్చేది దీనికే.

ఏడాదిలో నాలుగు సార్లు ట్రాకుకు వెళ్లే మనిషి తనను తాను పందెగాడిగానే ఊహించుకుంటాడు. మిగతా రోజులు పిల్లల్ని ఐస్‌క్రీమ్‌కు తీసుకెళ్లేదీ, భార్యతో కలిసి చెరువుగట్టు దాకా షికారు వెళ్లేదీ లెక్కలోకి రావు. మైళ్లు లెక్కపెడితే ట్రాకు మీద నడిచింది నాలుగైదు, రోడ్డు మీద నడిచింది వెయ్యి. అందుకే అనుభవజ్ఞులు చెప్పే సూత్రం ఒకటే. రెండు అంకెల మధ్య ఊగిసలాడుతుంటే తక్కువది తీసుకోమని. బలాల గురించి గొప్పలకు పోయి అబద్ధం చెబితే నష్టపోయేది చెప్పినవాడే. లేని బలం ఉందని చెబితే తయారీదారు బిగువు కన్వర్టర్ ఇస్తాడు. స్టాల్ అనుకున్నదానికన్నా తగ్గి, కారు గీత దగ్గర మొద్దులా నిలుచుంటుంది.

కొన్నాక కూడా పొదుపు పనికిరాని చోట్లు ఉన్నాయి. నూనె చల్లబరిచే కూలర్ విడిగా వేయించాలి. నూనె వేడి చూపే మీటరు పెట్టించాలి. బిగించేటప్పుడు కన్వర్టర్‌లో ముందుగా కొంత నూనె పోసి, గేరుపెట్టె పంపులోకి పూర్తిగా కూర్చునేదాకా తిప్పుతూ తోయాలి. రెండు మూడుసార్లు 'టక్' మని దిగుతుంది. అది దిగకుండానే బోల్టులు బిగిస్తే ఇంజిన్ స్టార్ట్ చేసేలోపే పంపు పగిలిపోతుంది. అంత ఖరీదైన వస్తువుకు ఆఖరి పరీక్ష ఆ చిన్న చప్పుడే!

పందెం చోటు మారింది

వుడ్‌వర్డ్ మీద దొంగచాటు పందేలకు కాలక్రమంలో పోలీసులు, పెరిగిన ట్రాఫిక్ అడ్డుకట్ట వేశాయి. 1995లో ఫెర్న్‌డేల్‌లో నెల్సన్ హౌస్ అనే ప్లంబరు పిల్లల సాకర్ మైదానం కోసం విరాళాలు పోగుచేద్దామని పాత కార్ల ఊరేగింపు ఆలోచన చేశారు. అదే వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్. లక్షల మంది వచ్చే వేడుకగా ఎదిగింది. 2020లో కరోనా వల్ల మాత్రం జరగలేదు. పందెం మోజు ఉన్నవాళ్లకూ దారి దొరికింది. 2016లో పాంటియాక్ దగ్గర వుడ్‌వర్డ్ రోడ్డునే కొంత మేర మూసి, అడ్డుగోడలు పెట్టి, అంబులెన్సులు నిలిపి, అనుమతితో డ్రాగ్ పందేలు పెట్టారు. ఒకప్పుడు పోలీసులు తరిమిన చోటే పోలీసులు కాపలా కాశారు!

ఈ మార్పు కన్వర్టర్‌కు కూడా ఓ పాఠమే. ట్రెయిలర్ మీద మోసుకొచ్చే కారుకు గీత దాటితే పని అయిపోయినట్టు. సొంత చక్రాల మీద వచ్చిన కారుకు గీత దాటాక కూడా దారి మిగిలే ఉంటుంది. ఎర్రలైట్లు, హైవే, వాన, వెనక సీట్లో నిద్రపోతున్న పిల్లాడు. ఆ దారి గురించి ఆలోచించి కొన్నవాడే మంచి కన్వర్టర్ కొన్నట్టు.

చూడాలనుకుంటే...

* డ్రీమ్ క్రూజ్ ఆగస్టు మూడో శనివారం. ఫెర్న్‌డేల్ నుంచి పాంటియాక్ దాకా రోడ్డు పక్కన నిలబడి చూడ్డానికి టికెట్టు లేదు.

* వుడ్‌వర్డ్‌కు దగ్గర్లోనే ఫోర్డ్ పికెట్ అవెన్యూ ప్లాంట్ ఉంది. మోడల్-టి పుట్టింది ఇక్కడే, 1908లో. ఇప్పుడది మ్యూజియం.

* వుడ్‌వర్డ్ మీదే ఉన్న డెట్రాయిట్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్ట్స్‌లో చిత్రకారుడు డియెగో రివేరా 1932-33లో వేసిన కార్ల ఫ్యాక్టరీ కుడ్యచిత్రాలు తప్పక చూడాలి.

* చుట్టుపక్కల ట్రాయ్, నోవై, ఫార్మింగ్టన్ హిల్స్‌లో తెలుగు కుటుంబాలు ఎక్కువ. వారిలో కార్ల కంపెనీల్లో పనిచేసే ఇంజినీర్లూ ఉన్నారు. తానా మహాసభలు 2015లో డెట్రాయిట్‌లో, 2025లో నోవైలో జరిగాయి.